జలుబు గొంతు

కార్తీకంలో రేణిగుంట మీద వాన
నిలువుగా పడదు.
టవరు అద్దాలకు అడ్డంగా వచ్చి తగుల్తుంది,
చేటలో బియ్యం ఎగరేసి చెరిగినట్టు.

ఆ సాయంత్రం నా ముందు రెండు కాగితప్పట్టీలు.
మేఘనా సిక్స్ టూ సెవెన్, హైదరాబాదు నుంచి.
మేఘనా సిక్స్ సెవెన్ టూ, బెంగుళూరు నుంచి.
ఒకే కంపెనీ, అవే మూడంకెలు.
ఎక్కడో ఎండ తగలని ఆఫీసులో ఎవరో
పేకముక్కల్లా కలిపి పంచేసినట్టున్నారు.

రెండో పట్టీని హోల్డరులో కాస్త వాలుగా పెట్టాను.
జాగ్రత్త అని చేతికి చేయి చెప్పుకోవడం అది.
నోటికి చెప్పడం మరిచాను.

సిక్స్ సెవెన్ టూ, మూడు వేల అడుగులకు దిగండి.
అన్నాను.
గబగబా అన్నాను.
టీ చల్లారిపోతోంది, అంతే, ఇంకో కారణం లేదు.

జవాబొచ్చింది.
మూడు వేలకు దిగుతున్నాం, మేఘనా సిక్స్...
ఆపైన గరగర.
ఇద్దరు ఒక్కసారే మైకు నొక్కితే పుట్టే
ఆ సన్నటి అరుపు,
పలక మీద గోరు గీసినట్టు.

గొంతు శుభ్రంగా ఉంది.
అదే తప్పు.

నేను దిగమన్న వాడికి జలుబు.
మొదటి పలకరింపులోనే రెండుసార్లు దగ్గి
సారీ మేడమ్ అన్నాడు.
ఈ గొంతులో కఫం లేదు,
ఈ గొంతు ఉత్తరం నుంచి వస్తోంది,
ఇంకా శేషాచలం దాటలేదు.
మూడు వేల అడుగుల్లో అక్కడ గాలి లేదు.
రాయి ఉంది.

మా నాయన కొండ మీద
తప్పిపోయినవాళ్ళను మైకులో పిలిచేవాడు, ఇరవై రెండేళ్ళు.
చేరిన కొత్తలో
'శీనయ్యా, మీవాళ్ళు ఈడుండారు, రా నాయనా' అన్నాడంట.
పదకొండు మంది పిల్లోళ్ళు వచ్చినారంట.
అందరివీ గుండ్లే, అందరికీ గంధమే,
అందరూ ఏడస్తా.
ఒకామె పక్కోళ్ళ బిడ్డ ముక్కు తుడిచి
ఎత్తుకుని
నాలుగడుగులు పోయినాక ఆగిందంట.

ఆ పొద్దు నుంచి ఆయన పేరొక్కటే ఎప్పుడూ పలకలేదు.
పలమనేరు శీనయ్య, ఎడమకాలికి చెప్పు లేదు.
వేంపల్లె శీనయ్య, జేబు నిండా గోలీలు.
ఇంట్లో అన్నం తింటా కూడా చెప్పేవాడు,
'పేరు ఊరందరిదీ మే,
ఆనవాలు ఒకడిదే.'

మేఘనా సిక్స్ టూ సెవెన్, హైదరాబాదు నుంచి వస్తున్న సిక్స్ టూ సెవెన్,
దిగొద్దు, దిగొద్దు, ఎనిమిది వేలలోనే ఉండండి.
అది మీకు కాదు.

నాలుగు సెకన్లు.
వాన ఉందో లేదో తెలియలేదు.

ఎనిమిది వేలలోనే ఉన్నాం, సిక్స్ టూ సెవెన్.
ఏడు వేల తొమ్మిదొందల నుంచి వెనక్కి, అన్నాడు, మెల్లగా.
తర్వాత ఇంకో గొంతు:
మేడమ్, ఆ మూడు వేలు మాకా?
అని
ఒక దగ్గు.

అంత మంచి దగ్గు నేనెక్కడా వినలేదు.

రాత్రి ఫారం నింపాను.
ఏం జరిగింది: ఏమీ జరగలేదు.
ఎలా గుర్తించారు అన్న గడిలో
జలుబు అని రాశాను.
షిఫ్టు ఇన్‌చార్జి దామోదరం సారు చదివి
'అమ్మా, ఢిల్లీలో నవ్వుతారు' అన్నాడు.
కొట్టేసి, జవాబు సరిపోలలేదు అని రాశాను.
టీ సంగతి కొట్టెయ్యలేదు.
అది సారు చూడలేదు, లేక చూసి ఊరుకున్నాడు.

నంబరు మారుస్తారంట, వచ్చే నెల.
దాకా రోజూ సాయంత్రం ఒక పట్టీ వాలుగానే ఉంటుంది.

కింద రెండు విమానాలూ పక్కపక్కన తడుస్తున్నాయి.
తోక మీద ఒకే బొమ్మ, ఒకే నీలం.
గొడుగుల కింద జనం బస్సు వైపు పోతున్నారు,
రేపీపాటికి వీళ్ళలో సగం మందికి జుట్టుండదు,
ఎవరి పిల్లలో ఎవరికీ తెలియదు.
ఎడమవైపు దాని ముందు అద్దం వెనక
ఎవరో చేతిగుడ్డతో ముక్కు చీదుకుంటున్నారు.

ఇంత దూరానికి, ఇంత వానలో
అది కనపడదు.
అయినా చూశాను.