మూడు, తర్వాత రెండు

గార్డు మెల్విన్ రొజారియో పోయినంక
కాజీపేట రైల్వే క్వార్టర్ ముంగట
సామాను తూకానికేసిన్రు.
ఇనుప మంచం పోయింది, ఇస్త్రీపెట్టె పోయింది.
లక్క రికార్డుల పెట్టె కాడికొచ్చి
లింబాద్రి కాంటా దించిండు:
"పలిగే సరుకు. నాకొద్దు."

సైకిల్ దిగి సాయిలు కొన్నడు.
ఆజంజాహి మిల్లుల జాబరు,
పొద్దుగూకితే ఊళ్లల్ల చిరుతలు నేర్పే పంతులు.
వారం కూలి పెట్టి ఇరవైమూడు రికార్డులు కొని
ఇంట్ల ఏం చెప్పిండో నన్నడగొద్దు.

కాయితం బిళ్ల మీద పురుగు తినంగ మిగిలిన పేరు
నేనే చదివి చెప్పిన: హవానా.
"ఏడుంటది?"
చెరుకు పండే దీవి, అన్న.
"అట్లనా. మన బోధన్ లెక్క."

ముల్లు ఆనంగనే
రెండు కట్టెలు మాట్లాడినయి.
టక్. టక్. టక్.
టక్ టక్.
సాయిలు బీడీ ఆర్పిండు.
"మూడు, తర్వాత రెండు.
చిరుతలు పట్టిన చెయ్యే ఇది.
గని మూడోదానికి జెర ఆలస్యం చేస్తుండు చూడు,
కావాలనే. దొంగ."

శివనగర్ల ఆయన ఇల్లు, పట్టాల పక్కన.
అండర్‌బ్రిడ్జి కాడ నా క్యాసెట్ల దుకాణం.
రాత్రి పదకొండు దాటినంక
స్పీకర్ ముంగట మైకు పెట్టి
గోడ గడియారం ఆపి, కోడిపెట్టను గంప కింద మూసి
ఊపిరి బిగబట్టి ఎక్కించినం.
రెండో చరణం నడిమిట్ల
రామగుండం దిక్కునుంచి బొగ్గుబండి
పొడుగ్గ, తీరువాటంగ
ఒక్క కూత కూసింది.

మళ్ల ఎక్కిద్దామన్న.
వద్దన్నడు.
"ముల్లు తిరిగినన్ని సార్లు
లక్క అరుగుతది.
ఆ మనిషిని ఇంక ఎన్ని సార్లు గీకుదం?"

పైసలు తీసుకోలే ఎన్నడూ.
ఖాళీ క్యాసెట్ తెచ్చుకో,
నువ్వు ఇంకొకనికి ఎక్కించియ్యి. అంతే.
మట్టెవాడ కంపౌండర్ తీస్కపోయిండు.
డాక్టరు చదివే మిజో పిల్లగాడొకడు తీస్కపోయిండు,
పరీక్షలు కాంగనే మాయం.
నోటుబుక్కుల ఆయన పేరు ఎదురుంగ
ఇప్పటికీ గీత కొట్టలే.

మిల్లు మూతవడ్డది.
సైకిల్ అమ్మిండు, చేతి గడియారం అమ్మిండు.
రికార్డుల పెట్టె జోలికి ఎవ్వరినీ రానియ్యలే.
గని ఆ ఒక్కటి,
మనుమరాలు పీట అనుకొని కూసున్నది.
నాలుగు ముక్కలు.
ఆయన పిల్లను ఏమనలే.
ముక్కలను బియ్యం డబ్బాల దాసిండు,
ఎందుకో.

ఇరవై ఏండ్ల తర్వాత
నా ఫోనుకొచ్చింది ఆ పాట,
ఏ చేతులు మారి, ఏ సముద్రాలు దాటి వచ్చిందో.
పంపినామె ఒక ముసలమ్మ.
కట్టెలు కొట్టింది వాళ్ల తాత.
ఆ దేశంల ఆ రికార్డు
ఒక్కటి గూడ మిగల్లేదట.
"రెండో చరణంల బాకా ఊదింది ఎవరు?
మా ఇంట్ల ఎవ్వరికీ తెల్వది.
అట్ల ఊదెటోళ్లు మా ఊర్ల లేరు."

మూడు రోజులు జవాబు రాయలే.
నిజం రాస్తే ఏమనుకుంటదో.
ఆఖరికి రాసిన:
అది మా బొగ్గుబండి, తల్లీ.
క్షమించున్రి.

ఆమె నవ్విన బొమ్మలు పంపలే.
ఒక్క మాట రాసింది:
"దాన్ని తీసెయ్యకున్రి.
పెండ్లిల్లల్ల మా పిల్లలు
ఆ కూత కోసమే ఎదురుచూస్తరు."

సాయిలుకు ఇప్పుడు చెవులు లేవు.
సాంచల మోతకు ఎప్పుడో పోయినయి.
నులక మంచం పట్టెకు ఫోను ఆనిచ్చి
ఆయన చెయ్యి దాని మీద పెట్టిన.
కొంచెం సేపు ఏం లేదు.
తర్వాత వేళ్లు కదిలినయి.
మూడు.
రెండు.
మూడోది జెర ఆలస్యం.

పాట ఇంకో చరణంలకు మళ్లంగ
వేళ్లు ఆగినయి.
ఫోను తీయబోయిన.
నా మణికట్టు పట్టుకున్నడు.

"ఉండు.
బండి పోనియ్యి."