ఐదు ఆంపియర్ల ఇల్లు

అషార్ బజారులో నా కొట్టు
మంచం వేస్తే కాళ్ళు వీధిలోకొస్తాయి.
ఆగస్టులో ఇనప షట్టరు ఎత్తాలంటే
చేతికి తడిగుడ్డ చుట్టుకోవాలి.
ఇవాళ బస్రాలో యాభై ఒకటిట, నీడలో.
ఆ నీడెక్కడుందో రేడియోవాడు చెప్పలేదు.

పదకొండున్నరకి గైథ్ వచ్చాడు.
వాన అని ఆ పేరుకి అర్థం.
చొక్కా వీపుకంటుకుని
తన పేరులో తానే తడిసినట్టున్నాడు.
సంచీలోంచి గేముపెట్టె తీసి
చంటిపిల్లని డాక్టరుకి చూపించినట్టు
రెండు చేతులా బల్లమీద పెట్టాడు.

"నిబ్రాస్ అక్కా, సరిగ్గా ఆఖరి కోట దగ్గరే.
ముందు విమానంలా అరుస్తుంది.
తర్వాత చీకటి. మూడుసార్లు."

ఆరిపోవడం రోగం కాదురా,
అది దాని తెలివి.
చిప్పు మాడకముందే కళ్ళు మూసుకుంటుంది.
మనుషులకే లేదా తెలివి,
ఎదురుగా చూడు,
మిట్టమధ్యాహ్నం ఇటుకలు మోస్తున్నారు.

స్క్రూలు పదమూడు. మూత తీస్తే ఎడారి.
షమాల్ గాలి జల్లెడపట్టిన దుమ్ము
ఫ్యాను రెక్కలకు మీసాలు మొలిపించింది,
రాగిరేకుల సందుల్లో దుప్పటి పరిచింది.
చిప్పు నెత్తిన రాసిన పేస్టు
ఎండి సుద్దయి గోటికి రాలింది.
వెంట్రుకంత ఖాళీ చాలు మధ్యలో,
వేడి ఇవతలి ఒడ్డునే నిలబడిపోతుంది.

దుమ్ములో తెల్లదారం పోగులు.
ఇదేమిటి?

వాడు చెవులెర్రగా చేసుకుని
సంచీ అడుగునుంచి తీశాడు,
క్రోషియా ముసుగు.
"మా బీబీ అల్లింది. దుమ్ము పడకూడదని."
అంచున నీలం పూలు,
నాలుగు మూలలా కుచ్చులు,
డిస్కు దూరేచోట కాజా, గుండీ.
వేడిగాలి బయటికొచ్చే జాలీ మీద మాత్రం
మరీ చిక్కగా, రెండు పొరలు.
అక్కడే దుమ్మెక్కువ కనిపించిందిట ఆవిడకి.

నవ్వొచ్చింది. నవ్వలేదు.

"జనరేటర్ లైను ఎన్ని ఆంపియర్లు మీకు?"
"ఐదు."
ఫ్రిజ్‌కొకటిన్నర,
దీపాలకీ పంకాలకీ కలిపి ఒకటి,
బీబీ కూలరు రెండో నంబర్లో తిరిగితే రెండు.
మిగిలిన అరతో కోటలు కూలవు.
ఫ్రిజ్ మోటారు గుర్రుమన్న క్షణం
గోడమీది బ్రేకరు టప్పున పడుతుంది.

"మరి రాత్రిళ్ళు ఎలా ఆడుతున్నావు?"

"పదైతే బీబీ కూలరు ఒకటికి తగ్గించుకుంటుంది.
తనకి చలేస్తుందిట."

స్క్రూడ్రైవరు చేతిలోనే ఆగింది.
బస్రాలో. ఆగస్టులో.
చలి.

బ్రష్షుతో రాగిరేకుల్ని తలదువ్వాను.
బియ్యపుగింజంత పేస్టు,
నొక్కితే అదే పరుచుకుంటుంది.
మళ్ళీ పదమూడు.
మీటరు పెట్టి నడిపించాను,
అరుపు లేదు, గొణుగుడు మాత్రం.

"చెయ్యి పెట్టు వెనక."
పెట్టి చటుక్కున తీశాడు.
"బాగయిందన్నావు, కాలుతోందేం?"

బాగయింది కాబట్టే కాలుతోంది.
ఫ్యాను వేడిని చంపదురా,
ఇల్లు ఖాళీ చేయిస్తుంది అంతే.
లోపలిది గదిలోకి,
గదిలోది ఎవరి మీదికో.
మీ గదిలో ఇది ఎటు చూస్తుంది?

చాలాసేపటికి చెప్పాడు,
"బీబీ మంచం వైపు."

కిటికీ వైపు తిప్పమన్నాను.
సెట్టింగుల్లో బొమ్మ మెరుపు ఒక మెట్టు దించాను,
కోట గోడమీద నాచు కాస్త మసకబారింది,
మీటర్లో అంకె మూడోవంతు తగ్గింది.
ఫ్రిజ్ కొట్టుకునేటప్పుడు ఆట ఆపు.
కూలరు రెండులోనే ఉండాలి,
చలేస్తోందన్నా సరే.
ముసుగు వెనకగోడ విప్పమను,
పూలు ఉండనీ.

నాలుగోరోజు పొట్లం పంపింది ఆవిడ.
విప్పిన దారంతో కొత్తగా అల్లిన చిన్న సంచి,
నీలం పూవుతో సహా,
నా బల్లఫ్యానుకి తొడగాలిట.
దుమ్ము పడుతుందిగా!

దాన్నిప్పుడు షట్టరు పిడికి తొడిగాను.
అప్పుడే గ్రీజు మరకలు పడ్డాయి.
పొద్దున తడిగుడ్డ వెతుక్కోలేదు.