తోడుమట్టి

నిరుడు చంపేశాను వాటిని.
తెలిసి కాదు.
అమ్మనబ్రోలులో చెంచురామయ్య కొట్లో కొని
సైకిల్ క్యారేజీకి కట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో తెచ్చి
రేకుల వసారాలో పురుగుమందు డబ్బా పక్కన పెట్టాను,
ఆరు రోజులు.
నల్లటి పొడి. బొగ్గు నూరినట్టుంటుంది.
అందులో ప్రాణం ఉందని ఎవరికి తెలుసు?
నలభయ్యో రోజు శనగమొక్క పీకి చూస్తే
వేళ్లు బోసిగా, చంటిపిల్ల చిగుళ్లలా.

"యూరియా కట్ట తీసుకెళ్లమని చెప్పలా?"
అన్నాడు చెంచురామయ్య
అప్పు పుస్తకంలో నాకో కొత్త పేజీ తిప్పుతూ.

ఈ యేడు షంషాద్ చెప్పింది.
వ్యవసాయ సహాయకురాలు, స్కూటీ మీద వస్తుంది,
నా కూతురికంటే చిన్నది, నన్ను పిన్నీ అంటుంది.
"అవి పాలతోడు లాంటివి పిన్నీ,
మరిగే పాలల్లో తోడేస్తే పెరుగవుద్దా?"
ఇంత చిన్న మాట
నలభై ఏళ్లుగా పాలు తోడేస్తున్నదానికి
ఒకరు చెప్పాల్సొచ్చింది.

ప్యాకెట్లు తెచ్చిన పూటే తడిగుడ్డలో చుట్టి
మంచినీళ్ల కుండ వెనక పెట్టాను.
తేదీ మనవడితో చదివించాను, రెండుసార్లు.
బెల్లం కాచాను. పాకం కాదు, పలచగా.
చల్లారేదాకా పక్కనే కూర్చుని
మాటిమాటికీ వేలు ముంచి చూశాను,
పురిటిబిడ్డ నీళ్లు చూసినట్టు.
ఏసోబు నవ్వాడు: "శనగలకు పెళ్లి చేస్తున్నావా?"
పట్టా మీద గింజలు పోసి, బెల్లంనీళ్లు చిలకరించి
పొడి చల్లి రెండు చేతులా కలిపితే
ఒక్కో గింజా కాటుక పెట్టుకుంది.
ట్రాక్టరు ట్రక్కు కింద ఆరబెట్టాం,
చేలో ఉన్న నీడ అదొక్కటే.
పొద్దు వాలగానే గొర్రు తోలించాం.

తర్వాత ఏమీ జరగలేదు.
అదే కష్టం.
యూరియా చల్లితే మూడోనాటికి పచ్చగా పలుకుద్ది చేను.
ఇవి పలకవు.
"మీది ఇంకా నిద్రలేవలేదే" అనేవాడు పక్క చేలో కాలేషా.
మంచు పడింది. ఆకుల మీద పులుపు ఊరింది.
తెల్లారుజామున గుడ్డ పరిచి పిండితే
చెంబుడు పులుసు. కడుపునొప్పికి దాచుకున్నాం.
అంతే.

నలభై రెండో రోజు
చేను నడిమధ్యలో ఒక మొక్క.
పీకలేదు. పారతో చుట్టూ తవ్వి లేపాను,
బకెట్టు నీళ్లలో నల్లమట్టిని దానంతటది కరగనిచ్చాను.
వేళ్లకు బుడిపెలు,
రాగిగింజంతవి, కందిగింజంతవి, గుంపులు గుంపులు.
గోటితో ఒకటి చీల్చాను.
లోపల ఎరుపు.
గులాబీ రంగు అంది షంషాద్.
నాకు మాత్రం కత్తిపీటకు తెగిన వేలు గుర్తొచ్చింది.
మట్టి చీకట్లో, ఎవరూ కూలి ఇవ్వకపోయినా
గాలిని పట్టి కూడు చేసేవాళ్ల నెత్తురు.
ఏసోబు ఆ బుడిపెను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.
పెళ్లి మాట మళ్లీ ఎత్తలేదు.

ఎకరాకు తొమ్మిది బస్తాలు.
కాలేషాకు తొమ్మిదిన్నర. అబద్ధం చెప్పను.
కానీ చెంచురామయ్య పుస్తకంలో
నా పేజీ ఖాళీ.
పంటను వేరుతో పీకించలేదు, కొడవలితో కోయించాను,
కింద ఉన్నవి కిందే ఉండాలని.

ఒంగోలు నుంచి మాలకొండయ్యగారు కారులో వచ్చారు.
గట్టు దిగి పిడికెడు మట్టి నలిపి
"నేల బాగుపడిందే" అన్నారు.
వచ్చే ఏటికి కౌలు మూడు వేలు పెంచారు.
ఇవ్వలేకపోతే ఇచ్చేవాళ్లున్నారట.
మా మధ్య కాగితం లేదు. మాటే.
అదీ ఆయన మాటే.

చేను వదిలిన రోజు
చీకటి పడ్డాక వెళ్లి రెండు గంపల మట్టి తెచ్చుకున్నాను,
తడిగోనె కప్పి.
"దొంగతనం కాదా?" అన్నాడు ఏసోబు.
కొత్తిల్లు చేరినప్పుడు
పక్కింటామెను గరిటెడు అడుగుతామే, అది, అన్నాను.
తోడు.

చదలవాడ దారిలో ఎకరంన్నర దొరికింది.
చవుడు ఎక్కువ.
చూడాలి.