నాలుగు మిల్లీమీటర్లు

మా షాపులో పై అరలన్నీ అందగాళ్ళవి.
రెక్కల కార్లు, నేలకి ఆనేంత వాలుగా రేసుకార్లు.
కింది అర, వంగితేనే కనబడేది:
పాలబండి, చెత్తలారీ,
పక్కలకి చెక్కరంగు కాగితం అంటించుకున్న స్టేషన్ వాగన్,
డ్రైవర్లు కూడా తిట్టుకున్న ఒక టాక్సీ.
వాటికోసం వంగేవాళ్ళు వేరే.
వంగేటప్పుడు వాళ్ళ మోకాళ్ళు టక్కుమంటాయి.

బెర్నీస్ స్టాంకస్ వంగలేదు.
చేతికర్రతో డబ్బాని బయటికి లాగింది,
మంచం కింది పిల్లిని లాగినట్టు.
"పేసర్," అంది. "ఎంత?"
మూత మీద ధర మా నాన్న చేతిరాత.
రెండు డాలర్ల ముప్ఫై సెంట్లు.
అంతే తీసుకున్నాను.

కెనోషాలో చలి సరస్సు మీంచి నడిచొచ్చి
కోటు గుండీల సందుల్లో కూర్చుంటుంది.
మంగళవారాలు వెనకగదిలో, హీటరు పక్కన
ఆమెకో బల్ల వేశాను.
ఇంట్లో జిగురు వాసన చిలకకి పడదట.

చట్రంలోంచి ఒక్కో ముక్కనీ
చిక్కుడుకాయ ఈనె తీసినట్టు తీసేది.
అద్దాలు మాత్రం ముందే కడిగి, గుడ్డ మీద ఆరబెట్టింది.
"చేపల తొట్టి అన్నారు దీన్ని. నవ్వనీ.
ఆ తొట్టి అద్దాలకి రబ్బరు బిగించిందెవరనుకున్నావ్?"
రెండో షిఫ్టు. గంటకి ఎన్ని బళ్ళో కూడా చెప్పింది,
నేను మర్చిపోయాను.
మర్చిపోనిది ఆమె బొటనవేలు:
మాటల మధ్య బల్ల అంచు వెంబడి
లేని రబ్బరుని నొక్కుకుంటూ పోయేది,
మూల దగ్గర ఆగి, ఓసారి గట్టిగా,
మళ్ళీ ముందుకి.

అసలు కారుకి, అంది,
కుడి తలుపు ఎడమదానికంటే నాలుగంగుళాలు పొడుగు.
వెనకసీటు పిల్లలు రోడ్డు మీదికి కాక
గట్టు వైపు దిగాలని.
అంత ఆలోచించారు. అయినా నవ్వారు.

స్కేలు తెచ్చి బొమ్మని కొలిచాం.
ఇరవై అయిదో వంతు చేస్తే నాలుగంగుళాలంటే
నాలుగు మిల్లీమీటర్లు.
ఉన్నాయి.
ఎక్కడో ఎవరో, ఈ అచ్చు చెక్కినవాడు,
నవ్వకుండా కొలిచాడు.
బెర్నీస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
అద్దాలే. కళ్ళు కాదు.

రంగు దగ్గర వారం పట్టింది.
నా దగ్గరున్న గోధుమరంగులు పదకొండూ కాదంది.
చివరికి మూతలో తనే కలుపుకుంది:
పాలెక్కువైన కోకో, అందులో కొంచెం బురద.

ఆఖరున వెనక అద్దం.
మూడు మూలలకి జిగురు రాసింది.
నాలుగోది మిగిలిపోయిందని చూపించబోయాను.

"ఆ శుక్రవారం లైనుకి అవతల యూనిస్ లేదు.
పొద్దున్నే గోడకి పేర్లు అంటించారు.
ఆరేళ్ళు నా ఎదురుగా కదిలిన చేతులు.
ఆ చోట వేరే చేతులు.
ఒక బండి, ఇదే రంగు,
వెనక ఎడమ మూల నొక్కకుండా వదిలేశాను.
మర్చిపోలేదు. వదిలేశాను.
ఎవరో కొనుక్కునే ఉంటారు.
ఏ వానలోనో ఎవరి మెడ మీదో పడే ఉంటుంది.
అప్పట్నించీ వాన పడ్డప్పుడల్లా
ఆ మెడకి ఒక ముఖం వెతుకుతున్నాను."

కుంచె నీళ్ళలో ముంచి
కారు కప్పు మీద ఒక చుక్క వదిలింది.
చుక్క కదలలేదు. ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
తర్వాత అద్దం అంచుదాకా జారి, ఆ మూల దగ్గర తచ్చాడి,
లోపలికి దిగిపోయింది.

బెర్నీస్ ఎంత నవ్విందంటే
ముందుగదిలోని ఖాతాదారు తల పెట్టి చూశాడు.

కారు ఇంటికి పట్టుకెళ్ళలేదు. చిలక ఏమంటుందో అంది.
నా కౌంటరు మీదే ఉంది,
వెనకసీటులో చుక్క ఆరిన తెల్లమచ్చతో.
వెళుతూ కింది అర ముందు ఆగి
చెత్తలారీ డబ్బాని కర్రతో తట్టింది.
"దీని అద్దాలెవరు బిగించారో తెలుసా?"
తెలీదన్నాను.
"కనుక్కో," అంది. "మంగళవారం లోపల."