మడవని చెయ్యి

సిగ్లుఫ్యోర్దుర్‌లో నవంబరు పగలంటే
కొండల వెనక ఎవరో దీపం పట్టుకుని
అటు నుంచి అటే వెళ్ళిపోవడం.

స్టేన్‌వోర్ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళు.
ఉన్ని స్వెట్టరు, లోపల నూలు చొక్కా,
మణికట్టు దాకా గుండీలు.
తలనొప్పికి మాత్రలిస్తే చాలంది.

ఎప్పుడూ అంతే.
నేను పట్టీ తీస్తాను, ఆమె కోటు తీసుకుంటుంది.
కాగితం మీద రక్తపోటు గడి
పదకొండేళ్ళుగా ఖాళీ.
నాకు ముందున్న నర్సు అందులో చిన్న గీత గీసింది,
దాని కింద నేనూ గీశాను.

ఇవాళ మంచు తుపాను. బస్సు లేదు.
కెటిల్లో నీళ్ళు కాగుతున్నాయి.
ఏమనుకుందో, స్వెట్టరు తీసి పక్కన పెట్టి
ఒక్కో గుండీ విప్పింది.

మోచేతి నుంచి పైకి
ఎర్రటి చర్మం, దాని మీద వెండి పొలుసు.

"పదహారేళ్ళప్పుడు రేవులో హెర్రింగు చేపలకి ఉప్పేసేదాన్ని.
పీపా నిండితే ఒక బిళ్ళ బూటులో వేసేవారు.
రాత్రి నడిచొస్తుంటే జీతం గలగలమనేది.
అందరి ఒళ్ళూ పొలుసే.
కడుక్కుంటే అందరిదీ పోయింది.
నాది పోలేదు."

నవ్వు, పరవాలేదు, అన్నట్టు చూసింది.

"ఈ ఊళ్ళో కబుర్లన్నీ వేడినీళ్ళ కొలనులోనే పుడతాయి.
నేనెన్నడూ దిగలేదు.
ఎవరి పెళ్ళయినా, ఎవరి చావయినా
నాకు ఒక రోజు ఆలస్యంగా తెలిసేది."

పట్టీ చుట్టాను.
నూట ఎనభై నాలుగు.
కాసేపాగి మళ్ళీ చూశాను.
నూట ఎనభై రెండు.

"ఒంటి మీది మంటకీ నెత్తురుకీ ఏం చుట్టరికం?" అంది.

లోపల రాజుకున్న పొయ్యి ఒకటే కావచ్చు, అన్నాను,
పొగ రెండు కిటికీల్లోంచి వస్తోందేమో.
ఇది ఉన్నవాళ్ళలో అదీ ఎక్కువే చూస్తాం.
ఎందుకో పూర్తిగా తెలిసినవాళ్ళు
మా పెద్ద డాక్టర్లలోనూ లేరు.

ఇంకొకటుంది, అది నోటిదాకా వచ్చి ఆగింది:
దాచుకున్న చేతిని ఎవరూ కొలవరు.
దాచడానికి పడ్డ అరవై ఏళ్ళ పాట్లు
ఏ గడిలో రాయాలో నాకు తెలీదు.

"ఉప్పు తగ్గించాలి."

అప్పుడు నవ్వింది, దగ్గొచ్చేదాకా.
"సగం యూరప్ నా చేతి ఉప్పు తిన్నదే పిల్లా,
ఇప్పుడు నన్ను మానెయ్యమంటావా!"

పాత గీతల కింద అంకెలు వేశాను.
ఆమె టీ తాగుతూ
కిటికీలోంచి మంచుని చూస్తూ కూర్చుంది.
చొక్కా చెయ్యి ఇంకా పైకే మడిచి ఉంది.
నేను గుర్తుచేయలేదు.