ఒక గుండీ ఉంచిన

నేను బడికి పోయింది కొట్లాడెతందుకే.
నా బిడ్డకిచ్చిన యూనిఫాంల
ఇద్దరు పిల్లలు పడతరు,
గుండీలు అయిదుండాల్సిన కాడ మూడే.
వారాసిగూడ సందులల్ల నడుస్తున్నంత సేపు
తిట్లన్నీ వరుసగ పేర్చుకున్న.

ప్రసూన టీచర్ మొత్తం విన్నది.
విని, బీరువా తెరిచి చూపెట్టింది:
నలభై రెండు జతలు, అన్నిటిదీ ఒకటే కొలత.
"ఇట్లనే వచ్చినయమ్మా,
నాకేమో సూదిల దారం ఎక్కియ్యనీకి కూడ రాదు" అన్నది.
నాకు నవ్వొచ్చింది.
పేర్చుకున్న తిట్లు ఒక్కటి గూడ నోట్లెకు రాలే.

శనివారం పొద్దుగాల
నా కుట్టుమిషను ఆటో ఎక్కింది.
ఆటో అబ్బాస్ కిరాయి తీసుకోలే,
వాని బిడ్డ అంగీ గూడ ఆ నలభై రెండిట్లనే ఉన్నది.

వరండాల, నీళ్ల ట్యాంకు నీడల కూసున్న.
కొలతలు తీస్తుంటే ఎర్కయింది
ఏ పిల్ల పొద్దున తినకుండ వస్తున్నదో.
నోరు "తిన్న" అంటది,
టేపు అబద్ధం చెప్పదు.
చెవిలేసిన, అంతే. పై వారం
రిటైరయిన కండక్టర్ నర్సింగరావు సారు
స్టీలు డబ్బా నిండ ఉడకేసిన శనగలతోని దిగిండు.
దిగినోడు ఊకుంటడా,
"చిలకలగూడ నుంచి ముగ్గురు,
యాభై నోటు ఇచ్చిండ్రు, చిల్లరెంత?"
అని అడుగుడు షురూ చేసిండు.
చిల్లర తప్పినోనికి శనగలు తక్కువేం పెట్టలే.

కంపెనీ పిల్లలు గూడ వచ్చిండ్రు ఒకపారి,
ఒక్కటే రంగు టీషర్టులు.
గోడ మీద సీతాకోకచిలుకలేసిండ్రు,
ఫొటోలు దిగిండ్రు, పై నెల వస్తమన్నరు.
చిలుకలు మంచిగనే ఉన్నయి, నేనేమనను.
ఆడపిల్లల బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు,
అది ఏ ఫొటోల పడలే.
వెల్డింగు జాఫర్ బిగించిండు, వాళ్ల పెద్దమ్మాయి ఇంట్ల ఏడిస్తే.
అదేంటిదో, ఆ సోమవారం నుంచి
ఏడో తరగతి అమ్మాయిలు
పగటి బువ్వ తిన్నంక గూడ బడిలనే ఉంటున్నరు.

ఇగ నా సంగతి.
మూడో తరగతిల ఇడిసిపెట్టిన సదువు నాది,
అక్షరాలు గుర్తున్నయి, మాటలు కలవయి.
"చేతులకే కద పని, చెవులు ఖాళీయే,
పిల్లలు చదువుతరు, జర వినండమ్మా" అన్నది టీచర్.
విన్న.
సంపత్ గడగడ చదివిండు,
వేటగాని దెబ్బకు పులి చచ్చిపోయింది.
నేను రెండు అంచులు మలిచిన.
తెల్లారి వారం అదే బుక్కు పట్టుకొని
రుక్సానా కూడబలుక్కుంట చదివింది.
పులి చావలే. వాగు దుంకింది.
మిషను ఆగింది.

పిలగాన్ని తిట్టలే.
"బిడ్డా, నా పులి సంగతి తేల్చు.
నువ్వు సంపినవ్, ఆమె బతికించింది,
ఏది నమ్మాలె నేను?" అన్న.
కాలి బొటనేలు చూసుకుంట నిలబడ్డడు కొద్దిసేపు.
తర్వాత మిషను కాడికి జరిగి,
అక్షరం కింద వేలు పెట్టి
పు, లి, వా, గు...
రెండు అంగీలయినంక
"గట్టెక్కింది" కాడ ఇరుక్కున్నడు.
ఆ ఒత్తులు నాకూ రావు.
ఇద్దరం కలిసి రుక్సానాను పిలిచినం.

మొన్న కమిటీ మీటింగుల
బడికి ఏం కావాలని అందర్నీ అడిగిండ్రు.
పంకాలన్నరు, కాంపౌండు గోడన్నరు, అవీ కావాలె.
నా వంతు వచ్చింది:
నీలి దారం రెండు రీళ్లు,
ఇంకో పులి పుస్తకం.
నవ్వినోళ్లు నవ్విండ్రు. టీచర్ మాత్రం రాసుకున్నది.

గట్టు అవుతల పులి ఏం చేసిందో
వచ్చే శనివారం చెప్తడట సంపత్.
వాని అంగీకి నాలుగు గుండీలు కుట్టిన.
అయిదోది
నా దారప్పెట్టెలనే ఉన్నది.