వేళ్ళ లెక్క

పిడికిలి మూస్తే నొప్పి లేనట్టు.
ఒక్క వేలు లేస్తే, పోనీలే అనుకునేంత.
ఐదూ విచ్చుకుంటే
దేవుణ్ణి తిట్టినా తప్పులేనంత.
అంకెలు రాని ఇళ్ళల్లో ఇలా అడగమని
కంపాలాలో మాకు నేర్పారు.

ఫోర్ట్ పోర్టల్ దాటాక తారు అయిపోతుంది.
అక్కణ్ణించి టీ తోటల మధ్య ఎర్ర బురద,
నా మోటారుసైకిలు వెనక పెట్టెలో
పాత నీళ్ళసీసాల నిండా మార్ఫిన్.
పొడిని నీళ్ళలో కలిపి రంగు వేస్తారు:
పచ్చది పలచన, గులాబీది చిక్కన.
వేపాకు చిన్నబోయేంత చేదు, రెండూ.

బలిండా ఇంటికి మొదట వెళ్ళింది మే వానల్లో.
మా టోరో వాళ్ళకి ప్రతి మనిషికీ ఇంకో పేరుంటుంది,
ఆదరంగా పిలవడానికే.
ఆయన అపూలి. నేను అబ్వోలి.

"నొప్పి ఎలా ఉంటోంది అపూలీ?"
"రాత్రి సలుపు. తెల్లారగట్ల పోటు.
మధ్యలో ఎవరో తుంటి ఎముకని
తడిగుడ్డలా పిండుతున్నట్టు."
ఇవన్నీ పట్టే గడి నా రిజిస్టర్లో లేదు.
"ఎన్ని వేళ్ళు?" అన్నాను.
ఎడమచెయ్యి తుంటి మీంచి తియ్యడు,
పొంగే గిన్నె మీద మూత అదిమిపట్టినట్టు.
దుప్పట్లోంచి కుడిచెయ్యి లేచింది.
మూడు.

పచ్చ సీసా ఇచ్చాను, సిరంజి మీద గీత పెట్టి.
ఇంట్లో గడియారం లేదు.
కోడి కూసినప్పుడొకటి,
రేడియోలో మా భాష వార్తలప్పుడొకటి,
పిల్లలు బడినుంచి వచ్చాక, పొద్దుగూకాక,
దీపం ఆర్పేముందు రెండింతలు.
కడుపు బిగిస్తే బొప్పాయి గింజలు నూరి.
"అలవాటైపోదా ఇది?"
తలుపు చాటునుంచి భార్య కొబుసింగే.
"మందుని నొప్పే తాగేస్తుందమ్మా,
మత్తెక్కడానికి ఏం మిగలదు" అన్నాను.
ఆ జవాబు నాకే నచ్చింది.
దార్లో ఇంకో రెండుసార్లు అనుకున్నాను.

రెండో వారం, మూడు.
మూడో వారమూ మూడే.
నిలకడగా ఉన్నాడని రాశాను,
నీలం సిరాతో, గుండ్రటి అక్షరాల్లో.
ఆసుపత్రి మీటింగులో ఆ పేజీ చూపించాను కూడా.
ఆ రోజే ఎవరో చెప్పారు,
పెద్ద నగరాల్లో డాక్టర్లు
నరాన్ని తెరమీద చూస్తూ, సూదిని దాని పక్కకే దించి
మనిషిని మెలకువగా ఉంచి
ఒక్క కాలినే నిద్రపుచ్చుతున్నారట.
నా దగ్గర తెర లేదు, కళ్ళున్నాయి.
మిగతా రెండూ ముడుచుకున్నాడనుకున్న కళ్ళు.

నాలుగో వారం, వెళ్ళొస్తానంటే
చెయ్యి కలిపాడు.
ముందు నా అరచేతికి తెలిసింది.
బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు,
ఆ పక్కన నున్నటి గట్టు.
"టీ ఫ్యాక్టరీలో," అన్నాడు, "రోలరు.
పాతికేళ్ళయింది."
"ఎందుకు చెప్పలేదు అపూలీ?"
"చెప్పాను గదా.
ఉన్నవన్నీ ఎత్తాను."

ఇరవై ఒక్క రాత్రులు.
పేజీలో కొట్టివేతకి చోటుంది,
ఆ రాత్రులకి లేదు.

సిరంజి మీద గీత పైకి జరుపుతూ పోయాను.
పచ్చ అయిపోయి గులాబీ వచ్చింది.
జూన్ ఆఖర్లో వెళితే గుమ్మంలో కూర్చునున్నాడు,
ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని,
దానితో ఏం చెయ్యాలో మర్చిపోయినట్టు.
"ఎంత?"
పిడికిలి చూపించాడు, మూడు వేళ్ళ పిడికిలి.
నేను పెన్ను మూత తీసేలోగా
చూపుడువేలు లేచింది.
ఒకటి, అని రాయబోయాను.

"నొప్పి కాదు అబ్వోలీ,
వెనక్కి చూడు,
టీ పొంగుతోంది."